రేట్ల తర్వాత వచ్చిన వరుస

టీవీ తెర అడుగున కుడి నుంచి ఎడమకు అక్షరాలు పోతుంటాయి కదా, మా మదనపల్లె కేబుల్ ఛానెల్లో వాటిని నడిపించేది నేనే. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాను. చలనం గురించి అంత చదివినందుకు, తగిన ఉద్యోగమే దొరికిందని సర్దుకున్నాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, బట్టల అంగళ్ళ ఆఫర్లు, కరెంటు పోయే వేళలు, పెద్దకర్మ ఆహ్వానాలు, అద్దెకు ఇళ్ళు, మధ్యాహ్నం దాటితే టమోటా మార్కెట్టు రేట్లు. అన్నిటినీ ఒకే దండగా గుచ్చి వదులుతాను. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. పెండ్లికీ చావుకీ మధ్య కూడా అదే నక్షత్రం. మా సాఫ్ట్‌వేర్‌లో ఇంకో గుర్తు లేదు.

ఈ పని కొన్నేళ్ళు చేసినవాడి కళ్ళకు ఒక తేడా వస్తుంది. ఆ వరుసను చాలాసేపు చూసి పక్కకు తిరిగితే, గోడ మెల్లగా కుడివైపుకు జరుగుతూ కనిపిస్తుంది. గోడమీది క్యాలెండరు పోతూనే ఉంటుంది, ఉన్నచోటే ఉంటుంది. కంటి డాక్టరుకు చెబితే, ఎవరికైనా అంతే, కాసేపటికి తగ్గుతుంది అన్నాడు. తగ్గుతుంది. కానీ ఆ కాసేపు, కదలనివన్నీ నన్ను వదిలి ఎక్కడికో బయల్దేరినట్టు ఉంటుంది.

చదివే కన్ను ఎట్లా కదులుతుందో నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. మా పెద్దమ్మ ముఖంలో చూశాను. ఆమె మా అమ్మకు అక్క. పెండ్లి చేసుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి, ఆయాగానే రిటైరైంది. అమ్మ పోయాక నన్ను కాలేజీ దాటించింది ఆమే. ఇప్పుడు మా ఇంట్లోనే, నాతోనూ నా భార్యతోనూ ఉంటోంది. పెద్దమ్మ బైబిలు చదివేటప్పుడు మాట కింద చూపుడువేలు పెడుతుంది. ఎదురుగా కూర్చుని ఆమె కళ్ళను గమనిస్తే తెలిసింది: కాగితం మీద కన్ను నడవదు. ఒక మాట మీద వాలుతుంది, ఆగుతుంది, ఎగిరి ఇంకో మాట మీద వాలుతుంది, పిచ్చుక గింజలు ఏరినట్టు. పరుగెత్తే అక్షరాల దగ్గర అట్లా కుదరదు. ఒక మాటను పట్టుకుని దానితోపాటు ఎడమకు కొంతదూరం పోవాలి, దాన్ని వదిలేసి ఒక్క దూకున వెనక్కు వచ్చి తర్వాతి మాటను అందుకోవాలి. మనం ఇదంతా చేస్తున్నట్టు మనకు తెలియదు. ఎదుటివాడికి మాత్రం బస్సు కిటికీలోంచి కరెంటు స్తంభాలను లెక్కపెట్టేవాడి కళ్ళలాగా కనిపిస్తాయి.

పెద్దమ్మకు మొదట్లో అది చేతకాలేదు.

“ఇదేం సదువురా, పారిపొయ్యే సదువు,” అనేది.

ఒకరోజు లేచి టీవీ దగ్గరికి పోయి అద్దం మీద వేలు పెట్టింది. అక్షరాల వెంట వేలిని జరపబోయింది, అందలేదు. అప్పుడు వేలిని తెర మధ్యలో ఒకచోట కదలకుండా ఆపింది. అక్షరాలే వచ్చి వేలి మీదుగా దాటిపోసాగాయి.

“సూసినావా, నేను దాని ఎనక పొయ్యే పన్లేదు. అదే వస్తాది నా కాడికి,” అంది, ఎవరికో పాఠం చెప్పినట్టు.

అప్పటి నుంచి మా టీవీ అద్దం నడిమధ్యన ఒక మచ్చ. నా భార్య ఆదివారం ఆదివారం తుడిచేది. “మీ పెద్దమ్మ బొట్టు పెట్టుకోదు గానీ టీవీకి పెడతాది,” అనేది.

ఏడాదిగా పెద్దమ్మకు మతిమరుపు మొదలైంది. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత వారాల పేర్లు పోయాయి. బుధవారం చర్చికి తయారై కూర్చునేది. తర్వాత నా వంతు వచ్చింది. “మీరు ఎవురి తాలూకప్పా?” అని అడిగింది ఒకనాడు, చాలా మర్యాదగా. మా ఇంట్లో నన్ను అంత మర్యాదగా పలకరించినవాళ్ళు అంతకుముందు లేరు.

ఆ సోమవారం పొద్దున నేను ఆఫీసుకు పోయాను. నా భార్య తను పాఠాలు చెప్పే బడికి పోయింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే పెద్దమ్మ లేదు. ఫోను ఛార్జింగులో ఉంది, చెప్పులు లేవు. ఆసుపత్రి గేటు దగ్గర, చర్చిలో, బస్టాండులో, మార్కెట్టులో చూశాం. పోలీసులకు చెప్పాం, వాళ్ళు రాసుకున్నారు. నా భార్య ఆమె ఫోటోను వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టింది. చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి, పెద్దమ్మ రాలేదు.

సాయంత్రం మా ఛానెల్ యజమాని నా మొహం చూసి, “ఇంకా నువ్వు స్క్రోలింగ్‌లో ఎయ్యలేదా? నీ చేతిలో పని గదప్పా!” అన్నాడు. నిజమే. ఊళ్ళో అందరి తప్పిపోయినవాళ్ళనూ నేనే వేశాను, ఆవులతో సహా. మా వాళ్ళ సంగతి వచ్చేసరికి నా చేతులు గుర్తు రాలేదు.

కూర్చుని టైపు చేశాను: ‘సోమవారం ఉదయం నుండి ఒక వృద్ధురాలు కనబడుటలేదు. విశ్రాంత ఆసుపత్రి ఆయా. తెల్ల చీర, చామనచాయ, ఎడమ చేతిపై కాలిన మచ్చ. మతిమరుపు కలదు. తెలిసినవారు ఈ నెంబరుకు తెలుపగలరు.’ చివర నా నెంబరు. పేరు వేయలేదు. ఓటరు కార్డులో ఉన్న ఆమె పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె ఆయమ్మే.

తర్వాత దండలో ఎక్కడ గుచ్చాలన్న ప్రశ్న వచ్చింది. ఈ పనిలో నాకు తెలిసిన రహస్యం ఒక్కటే. మా చుట్టుపక్కల జనం స్క్రోలింగ్ చదవరు; టమోటా రేటు చదువుతారు. పెద్దమండ్యం నుంచి, నిమ్మనపల్లె నుంచి కాయ వేసుకుని వచ్చిన రైతులు, ఇంకా తోటలో కాయ కోయించాలా వద్దా అని ఎదురుచూసేవాళ్ళు, టీ అంగళ్ళలో, మంగలి షాపుల్లో తెరకేసి కూర్చుంటారు. శుభాకాంక్షలు పోతున్నంతసేపు వాళ్ళ కళ్ళు తెరిచి ఉంటాయి, అంతే. ‘టమోటా’ అన్న మాట కుడి అంచున తల పెట్టగానే అందరి కళ్ళూ ఒక్కసారి అక్కడికి దూకుతాయి. అందుకే రేట్ల పక్కన చోటు కోసం బట్టల అంగళ్ళవాళ్ళు పోటీ పడతారు. యజమానిని అడిగి, ఒక చీరల అంగడిని పక్కకు జరిపి, మా పెద్దమ్మను సరిగ్గా రేట్ల వెంటనే వేశాను. మూడు మండలాల కళ్ళు తెరకు అతుక్కుని ఉన్నప్పుడు, ఆ రేటు తోక పట్టుకుని మా వరుస వస్తుంది. నా తెలివికి నేనే కొంచెం మెచ్చుకున్నాను.

మంగళవారమంతా ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కరూ చేయలేదు. బుధవారం ఒకరు చేసి, చీరల అంగడి ఆఫరు ఇంకా ఉందా అని అడిగారు.

గురువారం పొద్దున బస్టాండులో ఒక కండక్టరు, తెల్ల చీర ముసలామె ఒకామె సోమవారం తన బస్సులో పుంగనూరులో దిగిందని చెప్పాడు. ఒంటరిగా వచ్చిందని గుర్తుందట. మా ఛానెల్ పుంగనూరులో కూడా వస్తుంది. మూడు రోజులుగా ఆమె ఉన్న ఊళ్ళోనే ఆమె గురించి చెబుతున్నానన్నమాట. మొదటి బస్సు పట్టుకుని పోయాను.

పుంగనూరులో బస్టాండు చుట్టూ అంగడంగడికీ ఫోటో చూపించుకుంటూ, మధ్యాహ్నానికి ఒక టీ అంగడి చేరాను. బల్లల మీద పదిమంది దాకా రైతులు ఉన్నారు. ఒక చెక్కపెట్టె మీద టీవీ, అందులో నా అక్షరాలు. పెద్దమ్మ వరుస వచ్చేదాకా నిలబడి చూద్దామనుకున్నాను. కానీ నాకు అదంతా కంఠతా వచ్చు. చూడవలసింది తెర కాదనిపించి, టీవీకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చున్నాను.

టీ పోస్తున్న అంగడి ఆయన నన్ను చూసి నవ్వాడు. “ఏమప్పా, టీవీ ఆపక్క ఉంటే ఈపక్క తిరుక్కోని కూసున్న్యావే? మమ్మల్ని సూసి రమ్మని ఎవురన్నా పంపించినారా?”

“కండ్లు నొప్పిగా ఉండాయన్నా,” అన్నాను.

“మా మొగాలు సూస్తే తగ్గతాదా?” అన్నాడు ఒక రైతు. “మా ఇంటామెకు చెప్పాల ఈ మందు.”

తెర నాకు కనిపించడం లేదు. అయినా ఏం పోతోందో వాళ్ళ కళ్ళలో తెలుస్తోంది. కాసేపు ఎవరి కళ్ళు వాళ్ళవి. ఒకాయన గ్లాసు వైపు, ఒకాయన రోడ్డు వైపు. ఉన్నట్టుండి అన్ని జతలూ ఒకే పక్కకు దూకి ఆగాయి. రేట్లు వచ్చాయన్నమాట. పది జతల కళ్ళు ఒక్కటిగా మెల్లగా జరిగి, ఒక్కటిగా వెనక్కు దూకి, మళ్ళీ జరిగాయి. ఆ తర్వాత, ఒకే క్షణంలో, అన్నీ తెగిపోయాయి.

“సూస్తివా, మళ్ళా దిగినాది!”

“నేను నిన్ననే కోసెయ్ మంటిని గదరా. ఇంటివా?”

“నువ్వు మొన్న ఒద్దంటివి, నిన్న కోసెయ్ మంటివి. నీ మాట ఇనుంటే ఈపాటికి నా తోటలో మేకలు ఉంటాయి.”

ఒకాయన తుండుతో మొహం తుడుచుకున్నాడు. ఒకాయన లేచి లుంగీ సర్దుకున్నాడు. ఒకాయన కళ్ళు తెర వైపే ఉన్నాయి, కానీ జరగడం లేదు. గోడలో దిగిన మేకుల్లాగా ఉన్నాయి. ఆయన లోపల లెక్క వేసుకుంటున్నాడు. చదివే కన్ను ఏదో చదవని కన్ను ఏదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నా వీపు వెనకాల ఆ సమయంలో ఏ వరుస నడుస్తోందో నాకు తెలుసు. తెల్ల చీర, చామనచాయ.

రేటు రాకముందు అందరూ ఎదురుచూస్తారు. ఎదురుచూసేవాడి ముందు ఏది పోయినా ఎంతో కొంత కంట్లో పడుతుంది. రేటు వచ్చాక ఎవరి బతుకు వాళ్ళను లాక్కుపోతుంది. అన్నేళ్ళు ఈ పని చేసి, రేటుకు ముందు చోటుకూ వెనక చోటుకూ తేడా నాకు తెలియలేదు. చీరల అంగళ్ళవాళ్ళకు తెలుసు; వాళ్ళు ఎప్పుడూ ముందు చోటే అడిగేవాళ్ళు, అది దొరక్కపోతేనే వెనకది తీసుకునేవాళ్ళు. నేను అది వాళ్ళ పిచ్చి అనుకున్నాను.

లేచి అంగడి ఆయనకు ఫోటో చూపించాను. “అన్నా, ఈమె ఈపక్కకు ఏమన్నా వచ్చినాదా?”

ఆయన గుడ్డతో చెయ్యి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. “ఈయమ్మా? వచ్చినాదే, మొన్న మంగళారం. ఇదే టయానికి. టీ తాగి, గమ్మున పోతాదనుకుంటే, టీవీకి అడ్డం నిలబడె. అద్దం మీద ఏలు పెట్టె. ఆడ చూస్తే రేట్లు వస్తాండాయి! అందురూ కేకలు, ‘అమ్మా, అడ్డం తప్పుకోమ్మా, రేట్లు,’ అని. పాపం, తప్పుకునె.”

“ఆ తర్వాత?”

“రేట్లు అయిపోయినంక మళ్ళా వచ్చి ఏలు పెట్టె. అప్పుడు ఎవురూ ఏమీ అనలా. నిమ్మళంగా సదువుకునె.”

“అప్పుడు ఆ ఏలి కింద ఏం పోతాండెనో ఎవురన్నా సూసినారా అన్నా?”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “రేట్లు అయిపోయినాయి గదప్పా.”

ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆయనే చెప్పాడు: చదవడం అయ్యాక ఆమె గబగబా బయటికి వచ్చి, కుప్పం బస్సు యాడ నిలబడతాదని అడిగిందట. మరుసటి రోజు పొద్దున పాస్టరమ్మ ఒకామె ఆమెను బస్సెక్కిస్తుంటే చూశాడట. రాత్రి ఆ చర్చి ఇంట్లో పడుకున్నట్టుంది. చుట్టాలింటికి పోతోందనుకున్నాడు.

కుప్పంలో మాకు చుట్టాలు లేరు. అంతకు ముందు పెద్దమ్మ కుప్పం పేరు ఎత్తగా నేను వినలేదు.

పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బయట ఊళ్ళ బోర్డులు ఒక్కోటీ కంట్లో పడి జరిగిపోతుంటే, నా కన్ను ఒక్కోదాన్నీ పట్టుకుని వదిలి మళ్ళీ దూకుతోంది. అలవాటు. వెంకటగిరికోట దగ్గర బస్సు ఆగినప్పుడు బయట ఉన్న గోడ, దాని మీద కూర్చున్న మనుషులు, అన్నీ మెల్లగా ముందుకు జరుగుతున్నట్టు కనిపించాయి. వాళ్ళలో తెల్ల చీర ఒకటి ఉంది. దిగబోయాను. అది గోడకు ఆరవేసిన పంచె. బస్సు కదిలింది. తర్వాత కుప్పం దాకా చాలా తెల్ల చీరలు కనిపించాయి. వాటిలో సగం, సున్నం కొట్టిన మైలురాళ్ళు.

ఎక్కడ వెతకాలో తెలియక, బస్టాండు అయ్యాక రైల్వే స్టేషన్‌కు పోయాను. సాయంత్రం కావస్తోంది. ప్లాట్‌ఫారం మీద ఎర్రటి అక్షరాల బోర్డు, రైళ్ళ పేర్లు ఒక భాష తర్వాత ఒక భాషలో జరిగిపోతున్నాయి. దాని కింద బెంచీల మీద జనం. మూడో బెంచీ దగ్గర మా పెద్దమ్మ వంగి నిలబడి, ఎవరో ముసలామె చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

“ఏందిమ్మా, జాతకం సూస్తావా?” అంటోంది ఆ ముసలామె.

“ఇది గాదు, ఆ ఎడం సెయ్యి సూపించు తల్లీ. మచ్చ ఉండాదేమో సూడల్ల.”

“నాకు మచ్చా లేదు, గిచ్చా లేదు. మా రైలు వస్తాండాది, వదులు.”

పెద్దమ్మ ఆ చేతిని మెల్లగా ఆమె ఒళ్ళో పెట్టి, తర్వాతి బెంచీకి పోయింది. నేను దగ్గరికి పోయి పిలిచాను. తిరిగి చూసింది. గుర్తుపట్టిందో లేదో చెప్పలేను. ముఖంలో ఆశ్చర్యం మాత్రం లేదు. డ్యూటీ మారే వేళకు సరిగ్గా వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

“వచ్చినావా? మంచిదైంది. నువ్వు ఆపక్క సూసుకోని రా, నేను ఈపక్క సూస్తా.”

“ఎవుర్ని పెద్దమ్మా?”

“ఆయమ్మనప్పా. తప్పిపోయిందంట. టీవీలో ఏసినారు. మా మాదిరే ఆసుపత్రిలో ఆయా పని చేసినామెంట. తెల్ల సీర, సామనసాయ, ఎడం సేతిమీద కాలిన మచ్చ. మతిమరుపంట, పాపం.” ఒక్క మాట పోకుండా చెప్పింది. నా వరుసను మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి మూడు మండలాల్లో ఆమె ఒక్కతే. “పుంగనూరులో అంతమంది మొగోళ్ళు కూసోనుండారు టీవీ ముందర. ఒకడన్నా లేసి ఎతకల్ల గదా? లేయలేదు. ఇంగ నేనే బయల్దేరితి.”

“మరి ఈడికి యాల వచ్చినావు?”

నా తెలివితక్కువకు ఆమె కొంచెం విసుక్కుంది. “తప్పిపోయినోళ్ళు రైలు కాడికే గదా పొయ్యేది! వార్డులో నుంచి ఎవురు లేసి పోయినా మేము ఫస్టు టేసన్లోనే ఎతికేది. పుంగనూరికి రైలు ల్యా. దానికే ఈడికి వస్తి.”

లెక్క తప్పలేదు. అంత పొందికగా ఆలోచించిన మనిషి ఏడాదిలో మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

నేను ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు నుంచి మోచేతి దాకా ఆ మచ్చ. ఆసుపత్రిలో గుడ్డలు ఉడికించే డ్రమ్ము మూత తీస్తుంటే ఆవిరి కొట్టిందట, నేను పుట్టకముందు. నేను దాన్నే చూస్తున్నానని గమనించి, తనూ చూసుకుంది.

“ఇదా? ఇది నాదిలే,” అని కొంగు కప్పుకుంది.

ఇంటికి రానంది. ఆ తప్పిపోయినామె దొరికేదాకా కదలనంది. అప్పుడు నాకు తోచిన అబద్ధం ఒక్కటే చెప్పాను: ఆమె మదనపల్లెలో దొరికిందట, ఇప్పుడే ఫోను వచ్చింది. పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి స్తోత్రం చెప్పుకుంది. బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. మూడు రోజుల తర్వాత ఒక పని ముగించిన మనిషి నిద్ర.

ఆ సంతోషంలో నేను వరుసను తీసేయడం మర్చిపోయాను. మరుసటి మధ్యాహ్నం రేట్లు పోయాక పెద్దమ్మ వేలి కింద మళ్ళీ అదే వచ్చింది. నేను ఇంటికి రాగానే నిలదీసింది.

“దొరికిందంటివే? ఇంకా తిరగతానే ఉండాది గదా?”

“తియ్యలేదు పెద్దమ్మా, మర్సిపోయినా.”

“మనిషి దొరికితే ఎవురన్నా మర్సిపోతారా?”

వెంటనే ఆఫీసుకు ఫోను చేసి తీయించేశాను. అది ఇంకా పెద్ద తప్పయింది. వరుస కనిపించకపోయేసరికి, అందరూ ఆమెను వెతకడం మానేశారనుకుంది పెద్దమ్మ. పొద్దున్నే చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడింది. నా భార్య బడికి సెలవు పెట్టింది. ఉప్పు మర్చిపోతుంది, వారం మర్చిపోతుంది, తిన్నదీ మర్చిపోతుంది, ఆ ముసలామెను మాత్రం మర్చిపోలేదు. చివరికి వరుసను మళ్ళీ వేశాను. తెర మీద అది పోతున్నంతకాలం పెద్దమ్మ ఇంట్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూస్తుంది. పోకపోతే తనే బయల్దేరుతుంది.

యజమాని ఒకటి రెండుసార్లు అడిగాడు. “మీ పెద్దమ్మ వచ్చేసె గదప్పా, ఇంకా యాల ఎతకతాండావు?”

“ఇంకా పూర్తిగా రాలేదన్నా,” అన్నాను. ఆయన జోకనుకుని నవ్వాడు. నా జోకుల మీద ఆయనకు నమ్మకం ఎక్కువ.

ఒక్కరోజు, చూద్దామని, ఆ వరుసను రేట్ల వెనక నుంచి తీసి రేట్ల ముందు పెట్టాను. ఆ సాయంత్రం ఫోను ఆగలేదు. కూరగాయల బండి ఆయన చేశాడు, చర్చి పెద్ద చేశాడు, పక్కవీధి టైలరు చేశాడు. అందరిదీ ఒకటే మాట: ఏమప్పా, ఆయమ్మ మీ ఇంటి వరండాలోనే కూర్చుని ఉండాది, ఇప్పుడే సూసినాము. ఊరు ఒక్కరోజులో మా పెద్దమ్మను పదకొండుసార్లు కనిపెట్టింది. అందరికీ థాంక్స్ చెప్పాను. సోమవారమే ఆ చోటులో వేసి ఉంటే అన్న ఆలోచనను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, వరుసను మళ్ళీ వెనక్కు జరిపేశాను.

ఆ తర్వాత వారం, ఆఫీసులో ఉన్నాను. రేట్లు అప్పుడే పోయాయి. ఫోను మోగింది. దాని తెర మీద ‘పెద్దమ్మ’ అని ఉంది. ఆమె అంతకుముందు నెలల తరబడి ఫోను ముట్టలేదు.

“హలో అయ్యా, టీవీలో నెంబరు సూసి చేస్తాండాను.” జాగ్రత్తగా, కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతు. “ఆ ముసలామె సంగతి.”

“చెప్పమ్మా,” అన్నాను.

“దొరికిందా? నిజం జెప్పు. మా ఇంట్లో ఒకాయన ఉండాడు, దొరికిందని ఒకతూరి అంటాడు, తెలీదని ఒకతూరి అంటాడు. మంచోడే, గానీ మాటకు నిలకడ ల్యా. దానికే నీకే చేస్తి.”

“దొరికిందమ్మా.”



“యాడ ఉండాది?”

“మా ఇంట్లోనే.”

“నువ్వు ఆయమ్మకు ఏమైతావు?”

“చెల్లెలి కొడుకును.”

“బాగా సూసుకుంటాండావా?”

“సూసుకుంటాండానమ్మా.”

“అందురూ అట్లనే అంటారు,” అంది పెద్దమ్మ. “నేను అట్లాటోళ్ళను నిండా మందిని సూసినా వార్డులో. సెప్తాను, రాసుకో. కాగితముందా?”

పక్కనే మార్కెట్టు నుంచి వచ్చిన రేట్ల చీటీ ఉంది. వెనక్కు తిప్పాను.

“ఎనక నించి పిలవాకు. అదురుకుంటారు. ముందరికి వచ్చి, కండ్లకు అగుపడి మాట్లాడు. రాస్తివా? నీళ్ళు వాళ్ళు అడగరు, మనమే గ్లాసు సేతికియ్యల్ల. ఆఁ, ఇంగొకటి. ‘నేనెవురో చెప్పు’ అని మాత్రం అడగాకు. తెలీకపోతే శానా సిగ్గుపడతారు, పెద్దోళ్ళు గదా. సొంతోళ్ళ ముందర ఆ సిగ్గు తట్టుకోలేకనే లేసి యాడికో పోతారు. ఇంటివా?”

విన్నాను. నేను ఆ ప్రశ్న ఆమెను రోజూ పొద్దున అడిగేవాణ్ణి. కాఫీ చేతికిచ్చి, నవ్వుతూ, ‘నేనెవురో చెప్పు పెద్దమ్మా’ అని. మెదడుకు పదును పెడుతున్నానని నా నమ్మకం. చెప్పలేకపోతే ఇంకోసారి అడిగేవాణ్ణి. ఆ సోమవారం మూడుసార్లు అడిగాను. ఆమె గ్లాసు వైపే చూస్తూ కూర్చుంది. నేను ఆఫీసుకు ఆలస్యమవుతుందని లేచి వచ్చేశాను.

“రాసుకుంటివా?” అంది పెద్దమ్మ.

“రాసుకున్న్యానమ్మా.”

“ఏదీ, ఒకతూరి సదివి ఇనిపించు. తప్పు లేకుండా రాస్తివో లేదో.”

చీటీ మీద మూడు వరుసలే ఉన్నాయి. చదవడానికి కొంచెం సేపు పట్టింది.